వాషర్ మొరాయించింది: రిపేరా, కొత్తదా?

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికా వచ్చి కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు తరచుగా అడిగే సందేహం ఇది. తిరుపతి కొర్లగుంటలో అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. మెకానిక్ ఇంటికొస్తాడు, మోటారు కాలితే వైండింగ్ చేయించి బిగిస్తాడు, మెషిన్ మళ్లీ తిరుగుతుంది. ఇక్కడ మనిషి వచ్చి మూత తీసి చూసినందుకే వంద డాలర్ల దాకా అవుతుంది. పార్టు ఖర్చు, కూలీ ఆ తర్వాత.

అద్దె ఇల్లయితే టెన్షన్ పడకండి. ఇంటితో పాటు వచ్చిన ఫ్రిజ్, స్టవ్ సాధారణంగా ఓనరే చూసుకోవాలి. ఈమెయిల్లో రాసి పంపండి, మీరు స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

సొంత ఇల్లయితే ముందు వస్తువు వయసు చూడండి. ఫ్రిజ్ లోపల, వాషర్ మూత దగ్గర స్టిక్కర్ ఉంటుంది. అందులోని సీరియల్ నంబర్‌ను బట్టి తయారైన ఏడాది తెలుస్తుంది. ఉజ్జాయింపుగా డిష్‌వాషర్, వాషర్ పదేళ్లు, ఫ్రిజ్ 10 నుంచి 15 ఏళ్లు వస్తాయి. సగం ఆయుష్షు దాటినదానికి రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే నేనైతే మార్చేస్తాను. అలాగని పదేళ్లు నిండాయని బాగా నడిచే ఫ్రిజ్‌ను పారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కూలింగ్ తగ్గితే ముందు ఫ్రిజ్ వెనకో అడుగునో ఉండే కాయిల్ మీద దుమ్ము దులపండి, డోర్ రబ్బరు చూడండి. పాతదాని కంప్రెసర్ పోతే మాత్రం ఆశ వదులుకోండి.

డ్రైయర్‌లో బట్టలు రెండు రౌండ్లు తిప్పినా ఆరకపోతే అది ముసలిదైందని కాదు, చాలాసార్లు బయటికి పోయే గొట్టంలో దూది పేరుకుని ఉంటుంది. మిద్దె మీద ఆరేసి పెరిగిన మనకు ఇది తట్టదు. ఆ దూదికి నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది, ఏడాదికోసారి శుభ్రం చేయించండి.

చెడిపోయేదాకా ఆగకూడనిది వాటర్ హీటర్ ఒక్కటే. ట్యాంకు రకం 8 నుంచి 12 ఏళ్లు వస్తుంది. తుప్పు పట్టి అడుగున కారితే గచ్చు, కార్పెట్ అన్నీ పాడవుతాయి. తుప్పును తన మీదికి తీసుకుని ట్యాంకును కాపాడే యానోడ్ రాడ్ లోపల ఉంటుంది, అది అరిగిపోతే మార్పించాలి. బోరునీళ్లకు గీజర్ ఎలిమెంటు మీద తెల్లగా సున్నం కట్టడం మీరు చూసే ఉంటారు. ఫీనిక్స్, శాన్ ఆంటోనియో లాంటి ఊళ్లలో నీళ్లూ అలాంటివే. ఏడాదికోసారి ట్యాంకు అడుగు నీళ్లు వదిలేయాలి.

ఊరినుంచి గ్రైండర్ మోసుకురాకండి. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120, 60. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ, గ్రైండర్ మోటారు వేగాన్ని నిర్ణయించే హెర్ట్జ్‌ను మార్చదు. మిక్సీ అయినా, గ్రైండర్ అయినా ఇక్కడి కరెంటుకు చేసిన, 110 వోల్టులని రాసి ఉండే మోడల్ ఇక్కడి ఇండియన్ షాపుల్లో కొనుక్కోండి. అదే కంపెనీ జార్ రబ్బర్లు, కప్లర్లు మాత్రం ఊరెళ్లినప్పుడు తెచ్చుకోండి, మోడల్ నంబర్ ఫోటో తీసుకెళ్లి సరిచూసి మరీ.