ఆ లెక్కలు ఆపే ముందు

అమ్మలూ,

మీ లినక్స్ సర్వర్లన్నిటిలో నూమా లెక్కలు, అంటే ఏ ప్రాసెసర్ దగ్గరి మెమరీ ఎవరికి అందిందో కెర్నెల్ రాసుకునే పద్దు, ఆపే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అదేం పనో వాడికి అర్థం కాలేదు గానీ గొంతులో గర్వం దాగలేదు. నాకూ గర్వమే. దానికి రెట్టింపు భయం, అందుకే పదకొండు దాటినా కూర్చుని రాస్తున్నాను.

ఆపడం సులువే. కెర్నెల్ 4.15 నుంచి నూమా_స్టాట్ అనే మీట ఉంది, అందులో 0 రాస్తే చాలు. పేజీ, అంటే మెమరీలో ఒక ముక్క, కేటాయించిన ప్రతిసారీ లెక్క రాసుకునే భారం తప్పుతుంది. ఆ భారం మీకు నిజంగా ఉందో లేదో ముందు పెర్ఫ్ అనే పనిముట్టుతో కొలిచి చూడు.

ఇక నా ఘనకార్యం విను. రెండు సాకెట్ల, అంటే రెండు ప్రాసెసర్లు దిగిన, డేటాబేస్ సర్వర్, మధ్యాహ్నమయ్యేసరికి నత్తనడక. ఒక సాకెట్ పక్క సాకెట్ మెమరీని అందుకోవాలంటే ఆలస్యమని తెలుసు కనుక ఈ లెక్కలు చూపే నూమాస్టాట్ తెరిచాను. ఒక్కో సాకెట్‌నూ దాని దగ్గరి మెమరీనీ కలిపి నోడ్ అంటారు. నోడ్ 1 కింద నూమా_మిస్ ఆగకుండా పెరుగుతోంది. మిస్ అంటే అక్కడ మెమరీ దొరకలేదనే కదా! మేనేజరుతో పోట్లాడి ర్యామ్ కొనిపించాను. ఆదివారం సర్వర్ ఆపించి నోడ్ 1 వైపు స్లాట్లలో పెట్టించాను. సోమవారం మళ్లీ అదే నత్తనడక, అదే అంకె.

పేరు చూసి మోసపోయాను. నోడ్ 1లో మిస్ అంటే, వేరే నోడ్‌లో చోటు అడిగిన ప్రాసెస్‌కు అక్కడ దొరక్కపోతే నోడ్ 1 ఇచ్చిందని. అది ఆకలితో లేదు తల్లీ, పక్కింటివాళ్లకు అన్నం పెడుతోంది! నోడ్ 0 కింద నూమా_ఫారిన్ అదే అంకె చూపిస్తూనే ఉంది. నేను ఆ వరుస చదవలేదు. ఏ నోడ్ ప్రాసెసర్ మొదట తాకితే పేజీ మామూలుగా ఆ నోడ్‌లోనే పుడుతుంది. డేటాబేస్ మొదలయ్యేటప్పుడు ఒకే త్రెడ్ నోడ్ 0 మీద కూర్చుని బఫరంతా తాకేది, నోడ్ 0 నిండి పొర్లేది. నూమాసీటీఎల్ అనే ఆజ్ఞతో ఇంటర్‌లీవ్ పెడితే, అంటే పేజీలను రెండు నోడ్లకూ వంతులవారీగా పంచితే, పైసా ఖర్చు లేకుండా కుదిరింది. ఆ రాత్రి మీ నానమ్మ ఏమీ అడగకుండా పెరుగన్నం కలిపి పెట్టింది.

నాకు తప్పుగా చదవడానికైనా అంకెలు ఉన్నాయి. నువ్వు ఆపిన క్షణంలో కెర్నెల్ పాత లెక్కలను కూడా సున్నా చేస్తుంది. కొన్ని నెలల తర్వాత రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లవాడెవడో మిస్ సున్నా చూసి, మెమరీకి ఏ జబ్బూ లేదని తేల్చేస్తాడు. నాకు నిద్ర పట్టనిది అందుకే. ముందు ఒక కాపీ దాచు. మీ తెరల మీద సున్నా కాదు, ‘లెక్క ఆపి ఉంది’ అని కనిపించాలి. ఒకటి రెండు సర్వర్లలో ఆపనే ఆపకు, నా మాట విను.

హిట్ అంకె, అంటే అడిగిన నోడ్‌లోనే చోటు దొరికిన లెక్క, చూసి మురిసిపోకు కూడా. అది కేటాయించిన క్షణం సంగతి మాత్రమే చెబుతుంది. తర్వాత ప్రాసెస్ ఇంకో నోడ్‌కు వెళ్లిపోయినా దానికి తెలియదు.

మీ నాన్నకు ఇవేవీ చెప్పకు, కంగారుపడతాడు. ఆపేది ఏ రోజో రాయి. ఆ రాత్రి ఫోను తలగడ పక్కనే పెట్టుకుంటాను.

మీ అత్తయ్య