కోరింగ పాయలో చేపలు, పీతలు పట్టే హక్కు: సమాధానం

తాతల నాటి నుంచి పీతలు పట్టే పాయ కోరింగ అభయారణ్యం హద్దులో ఉందని అటవీ సిబ్బంది మీ వల పట్టుకుపోయారని రాశారు. చాలా అన్యాయం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) కింద చేపలు, ఇతర నీటి ఉత్పత్తులపై సామూహిక హక్కు అడగొచ్చు, అభయారణ్యంలో కూడా. జంతువుల వేటకు మాత్రం వర్తించదు.

సామూహిక హక్కుల దరఖాస్తు అయిన ఫారం-బి గ్రామసభకు ఇచ్చి రసీదు తీసుకోండి. ఎస్టీలైన యానాదులైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అక్కడ ఉంటే చాలు. బీసీ మత్స్యకారులైతే అప్పటికి 75 ఏళ్ల నివాసం చూపాలి. అసలు చిక్కు ఇక్కడే, చాలామంది దరఖాస్తుతో ఒక్క కాగితం పెట్టి సరిపెడతారు. కనీసం రెండు ఆధారాలు కావాలి. దరఖాస్తుదారు కాని ముసలివాళ్ల వాంగ్మూలం కూడా ఆధారమే. ఏ పాయ, ఏ పోటుకి, ఏ వల అన్నీ అందులో రాయించండి.

గ్రామసభ కాదంటే 60 రోజుల్లో ఈ చట్టం కింద సబ్‌డివిజన్ స్థాయిలో ఉండే కమిటీకి అప్పీలు చేసుకోండి.