అమ్మలూ, ముందు కారు లాగ్‌బుక్‌లో అడ్రస్ చూడు

చిరంజీవి అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "ఒరేయ్, అది అక్కడ ఎవరితోనో కేసు పెట్టుకుంటోందట, వీసాకేమైనా అవుతుందేమోరా, ఆ 60 పౌండ్లు కట్టేసి ఊరుకోమని చెప్పు" అని ఒకటే కంగారు. షాపింగ్ పార్కు కెమెరా నీ కారు ఏడు గంటలు అక్కడే ఉందని చెప్పిందనీ, 100 పౌండ్ల నోటీసు వచ్చిందనీ, 14 రోజుల్లో కడితే 60తో సరిపెడతామన్నారనీ, నువ్వు మాత్రం పైసా కట్టనంటున్నావనీ అప్పుడు తెలిసింది. భయం వేసిందమ్మా, గర్వంగానూ అనిపించింది. బ్రిటన్ వచ్చి ఏడాదిన్నర కాలేదు, చేయని తప్పుకు కట్టనన్నావు. కట్టొద్దు. కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

అది జరిమానా కాదు. కౌన్సిల్ వాళ్లు వేసేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్, ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. రెంటినీ పీసీఎన్ అనే అనడంతో అందరూ హడలిపోతారు. నీకొచ్చింది, బోర్డు మీద రాసిన షరతు దాటావంటూ పంపిన బిల్లు. పోలీసులు రారు, అప్పీలు చేసినందుకు వీసాకు ఏమీ కాదు. మీ అమ్మకు ఆ మాట నేను చెప్పాను, నువ్వూ చెప్పు.

అలాగని మన వాట్సాప్ గ్రూపుల్లో "చెత్తబుట్టలో పడేయ్, ఏం చేయలేరు" అనేవాళ్ల మాట వినకు. అది పాతకాలం మాట. 2012 చట్టం వచ్చాక, నడిపింది ఎవరో తెలియకపోయినా ఇంగ్లండ్, వేల్స్‌లలో కారు ఎవరి పేరున ఉంటే వాళ్లను అడగొచ్చు. 2015లో సుప్రీంకోర్టు బేవిస్ అనే ఆయన కేసులో తీర్పిచ్చింది. చెల్మ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల ఉచిత పార్కింగ్‌లో 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు 85 పౌండ్లు కట్టాల్సిందేనంది.

నీ నోటీసులో ఫోటోలు రెండే ఉంటాయి, మళ్లీ తీసి చూడు. ఒకదానిలో కారు ముందరి తెల్ల ప్లేటు, ఒకదానిలో వెనక పసుపు ప్లేటు, కింద టైము. కారు ఆగి ఉన్న ఫోటో ఒక్కటీ ఉండదు. గేటు దాటిన రెండు క్షణాలు, అంతే. నువ్వు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లానన్నావు. మధ్యలో బయటికి వచ్చింది ఒకసారి, లోపలికి వెళ్లింది ఒకసారి కెమెరా పట్టుకోలేదు. ఏ వ్యానో అడ్డొచ్చి ఉంటుంది. మొదటి రాకకూ చివరి పోకకూ ముడిపెట్టి ఏడు గంటలన్నారు. దీన్ని ఇక్కడ డబుల్ డిప్ అంటారు, చాలామందికి జరిగింది.

కాబట్టి మధ్యాహ్నం కారు ఇంకెక్కడుందో చూపించాలి. హాస్పిటల్ స్టాఫ్ పార్కింగ్‌లో ఉందన్నావుగా, ఆ రికార్డు అడిగి తీసుకో. డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ క్లిప్ చెరిగిపోకముందే దాచు. ఆ రోజు నీ నంబరుతో తీసిన ఫోటోలన్నీ ఇవ్వమని కంపెనీకి సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. అప్పీలులో "నేను రిజిస్టర్డ్ కీపర్‌ని", అంటే కారు నా పేరున ఉంది, అని మాత్రం రాయి. "కారు వచ్చింది, కారు వెళ్లింది" అను, "నేను నడిపాను" అనకు. ఇది అబద్ధం కాదు, నడిపిందెవరో ఆ కంపెనీకి చెప్పాల్సిన పని చట్టం నీకు పెట్టలేదు. కారు అక్కడ ఉన్న రోజు తర్వాత 14 రోజుల్లోపు కెమెరా నోటీసు చేరకపోతే, కారు ఎవరి పేరున ఉందో వాళ్లను అడిగే హక్కు వాళ్లకు పోతుంది, అప్పుడు ఆ ఒక్క మాటే నిన్ను గట్టెక్కిస్తుంది.

వాళ్లు కాదంటే, ఇలాంటి అప్పీళ్లు వినడానికే ఉన్న పోప్లా, ఐఏఎస్ అనే రెండు సంస్థల్లో ఒకదానికి వెళ్లొచ్చు. ఏదన్నది ఆ కంపెనీ ఏ సంఘంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పోప్లా ఉచితం, తీర్పు నీవైపు వస్తే కంపెనీ ఒప్పుకోవాల్సిందే. కానీ అక్కడిదాకా వెళ్తే 60 పౌండ్ల అవకాశం పోయి 100 అవుతుంది, తెలిసే వెళ్లు. వసూలు ఏజెన్సీల ఎర్రక్షరాల ఉత్తరాలకు నిద్ర పాడుచేసుకోకు. దావా వేశారని కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు.

ఇంతవరకూ నీకు ఎవరైనా చెప్తారు. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే.

2018లో మేం లెస్టర్ నుంచి రెడింగ్‌కు మారాం. డ్రైవింగ్ లైసెన్సు మీద అడ్రస్ ఆ వారంలోనే మార్చాను. బ్యాంకు, డాక్టరు అన్నిచోట్లా మార్చాను. కారు లాగ్‌బుక్, అదే వి5సి అనే రిజిస్ట్రేషన్ కాగితం, సూట్‌కేసు అడుగున ప్లాస్టిక్ కవర్లో ఉండిపోయింది. రెండూ లైసెన్సులు, బండ్ల రికార్డులు చూసే డీవీఎల్ఏ ఆఫీసువే కదా, ఒకటి మారిస్తే రెండోదీ మారినట్టే అనుకున్నాను. అవి వేరు వేరు రికార్డులమ్మా. పార్కింగ్ కంపెనీ రెండున్నర పౌండ్లు కట్టి డీవీఎల్ఏ నుంచి తీసుకునేది లాగ్‌బుక్‌లోని అడ్రస్సే.

మెషీన్‌లో డబ్బు కట్టి కూడా కారు నంబరు కొట్టేటప్పుడు సున్నాకు బదులు ఓ అక్షరం కొట్టాను. 1.80 పౌండ్ల టికెట్ నా కార్లోనే ఉంది. దాన్ని ఫోటో తీసి పంపితే తేలిపోయే వ్యవహారం. నోటీసు పాత ఇంటికి వెళ్లింది. దాని వెనక ఎన్ని వెళ్లాయో, చివరికి క్లెయిమ్ ఫారం కూడా అక్కడికే వెళ్లింది. జవాబు లేకపోవడంతో నా మీద కౌంటీ కోర్టు తీర్పు పడింది. ఆ తీర్పు వచ్చిన నెలలోపు కట్టేస్తే రికార్డు నుంచి తీసేస్తారు, లేకపోతే ఆరేళ్లు ఉంటుంది. నాకు తెలిసేసరికి అయిదు నెలలైంది.

తెలిసింది కూడా ఇంటి లోను కాదన్నప్పుడు. మీ అత్తయ్యకు అప్పుడు ఏడో నెల. మేం చూసుకున్న ఇంటి వెనక ఆపిల్ చెట్టుండేది. కర్టెన్లకని కిటికీలన్నీ టేపుతో కొలిచి, ఆ అంకెలు చిన్న చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుంది. 255 పౌండ్లు కట్టి, ఆ తీర్పు కొట్టేయమని కోర్టులో ఎన్244 అనే దరఖాస్తు వేశాను. లాగ్‌బుక్ ఎందుకు మార్చలేదని జడ్జి అడిగారు. తెలియలేదన్నాను. తీర్పు కొట్టేశారు, కానీ అప్పటికి ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు. మీ అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చీటీ మాత్రం చాలాకాలం పర్సులోనే ఉంచుకుంది. అది కనిపించినప్పుడల్లా నాకు కడుపులో తిప్పేది.

అందుకే అడుగుతున్నాను. డిసెంబరులో ఇల్లు మారతానన్నావు. పిచ్చిపిల్లా, వీళ్లతో గొడవ నడుస్తుండగా మారుతున్నావని ఎవరికైనా చెప్పావా? ఈ దావా ఆరేళ్లలోపు ఎప్పుడైనా వేయొచ్చు. మారిన రోజే లాగ్‌బుక్ ఆన్‌లైన్‌లో మార్చు, రూపాయి ఖర్చు లేదు, మార్చకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా. ఆ పార్కింగ్ కంపెనీకి కూడా కొత్త అడ్రస్ ఈమెయిల్‌లో రాసి, ఆ కాపీ దాచుకో. రేపు నువ్వు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినప్పుడు కోర్టు తీర్పుల గురించి కూడా అడుగుతారు. నాకు పట్టిన గతి నీకు పట్టకూడదు.

నైట్ డ్యూటీల మధ్య ఇదంతా రాసే ఓపిక నీకు ఉండదని తెలుసు. ఆదివారం నాకు సెలవు. నోటీసు రెండు వైపులా, లాగ్‌బుక్ మొదటి పేజీ ఫోటోలు తీసి ఈ రాత్రే పంపు. అప్పీలు ఇద్దరం కలిసి రాద్దాం, నువ్వు చెప్తుంటే నేను టైప్ చేస్తాను. అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టింది, వస్తే పట్టుకెళ్లొచ్చు.

మీ మావయ్య