ఎటు మెరుస్తుందో తెలీకుండా పట్టుకునేదెలా?

ప్రశ్న: ఆకాశంలో కొన్ని ఎక్స్-రే మెరుపులు సెకన్లలోనే ఆరిపోతాయంటారు. ఎటు నుంచి వస్తాయో ముందే తెలీదు కదా, మరి టెలిస్కోప్ అటు తిప్పేలోపే అయిపోవా?

జవాబు: అసలు చిక్కు అదేనండీ. ఎక్స్-రే మామూలు అద్దానికి ఎదురుగా తగిలితే తిరిగి రాదు, లోపలికి దూరిపోతుంది, బాగా ఏటవాలుగా రాసుకుంటూ పోతేనే మళ్లుతుంది, అందుకే అలాంటి అద్దాలున్న టెలిస్కోప్‌కి ఒకేసారి కనబడేది ఆకాశంలో చిన్న ముక్క. మెరుపు సరిగ్గా అక్కడే రావాలంటే అదృష్టం ఉండాలి.

అందుకని అద్దం మానేసి నీడని వాడుకున్నారు, నాకు ఈ ఐడియా అంటే భలే ఇష్టం. ఎక్స్-రేలని పసిగట్టే డిటెక్టర్‌కి కొంచెం పైన సీసం ముక్కలు పేర్చిన తెర పెడతారు, దీన్ని కోడెడ్ మాస్క్ అంటారు. ఎండ వచ్చే వైపుని బట్టి కిటికీ ఊచల నీడ జరుగుతుంది చూడండి, అలాగే ఎక్స్-రేలు వచ్చిన దిక్కుని బట్టి మాస్క్ నీడ డిటెక్టర్ మీద జరుగుతుంది, ఎంత జరిగిందో కంప్యూటర్ లెక్కేస్తే దిక్కు తెలిసిపోతుంది. కాకపోతే ఊచల్లా సమానంగా ఉంటే ఒక చార జరిగిందో రెండు జరిగాయో తేలదు, అందుకే ముక్కల్ని చిందరవందరగా పేరుస్తారు.

2004లో నాసా పంపిన స్విఫ్ట్‌లో బ్యాట్ అనే పరికరం ఇలాంటిదే. మెరుపు రాగానే కొన్ని ఆర్క్ మినిట్ల (ఒక ఆర్క్ మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) తేడాతో చోటు లెక్కేస్తుంది, వెంటనే శాటిలైట్ ఎవరూ చెప్పకుండానే తిరిగి ఒకటి రెండు నిమిషాల్లో తన ఎక్స్-రే టెలిస్కోప్‌ని అటు పెడుతుంది. అప్పటికి మొదటి మెరుపు మీరన్నట్టు అయిపోయి ఉండొచ్చు, కానీ గామా రే బరస్ట్‌ల (భారీ పేలుళ్ల నుంచి వచ్చే గామా కిరణాల మెరుపుల) తర్వాత ఆఫ్టర్‌గ్లో, అంటే మెల్లగా ఆరిపోయే వెలుగు, గంటలు, రోజులు కూడా ఉంటుంది. దాన్ని మొదట పట్టుకుంది బెప్పోశాక్స్ శాటిలైట్, 1997 ఫిబ్రవరి 28న వచ్చిన బరస్ట్‌కి, ఆ ఏడాదే ఇవి మన గెలాక్సీకి ఎంతో అవతల జరుగుతున్నాయని రుజువైంది. చోటు కచ్చితంగా దొరకడం అంత పెద్ద విషయం మరి.

మాస్క్‌కి ఒక లోటుంది, ఆకాశంలోని మిగతా వెలుగంతా అదే డిటెక్టర్ మీద పడి మసక మెరుపులు మునిగిపోతాయి. అందుకే చైనా 2024 జనవరిలో పంపిన ఐన్‌స్టైన్ ప్రోబ్‌లో లాబ్‌స్టర్ (పెద్ద రొయ్య లాంటి సముద్రజీవి) కన్ను తరహా ఆప్టిక్స్ పెట్టారు. గోళాకారంలో వంచిన పలకలో సన్నటి చదరపు గొట్టాలుంటాయి, వాటి గోడలకి రాసుకుంటూ ఎక్స్-రేలు ఫోకస్ అవుతాయి, ఒకేసారి దాదాపు 3,600 చదరపు డిగ్రీలు, అంటే మొత్తం ఆకాశంలో పన్నెండో వంతు కన్నా కాస్త ఎక్కువ, చూడొచ్చు. నన్నడిగితే మసక మెరుపులకి ఇదే సరైన దారి.

ప్రశ్న: ఇవన్నీ నేల మీదే పెట్టొచ్చుగా?

జవాబు: కుదరదు, మన గాలి ఎక్స్-రేలని మింగేస్తుంది. 1962లో స్కార్పియస్ ఎక్స్-1 అనే ఎక్స్-రేలు చిమ్మే నక్షత్రాన్ని కనిపెట్టడానికి కూడా రాకెట్ పంపాల్సొచ్చింది.