అగ్నివీర్‌కు పంపాలా, ఐటీఐలో చేర్పించాలా?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎంపీసీ వెయ్యికి 582 మార్కులతో పాసయ్యాడు. వయసు 18 ఏళ్ల 5 నెలలు. సైన్యంలో నాలుగేళ్ల ఉద్యోగమైన అగ్నివీర్‌గా వెళ్తానని పట్టుబట్టాడు, రోజూ తెల్లవారకముందే లేచి బీచ్ ఇసుకలో పరిగెడుతున్నాడు. వాళ్ల నాన్నగారు కాంట్రాక్టు పని చేస్తారు. ‘నాలుగేళ్లకు ఇంటికి పంపేసే ఉద్యోగం మనకెందుకు, ఐటీఐ ఫిట్టర్‌లో చేర్పిద్దాం’ అంటున్నారు. ఒక అకాడమీ వాళ్లేమో హాస్టల్‌తో కలిపి 45 వేలు కడితే సెలక్షన్ గ్యారంటీ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు ఆ 45 వేలు కట్టకండి. రాతపరీక్ష కంప్యూటర్ మీద, పరుగు గడియారం మీద, మెడికల్ సైనిక డాక్టర్ల చేతిలో జరుగుతాయి. ఇందులో గ్యారంటీ ఇవ్వగలిగిన మనిషి ఎవరూ లేరు. అలా ఇస్తానన్నవాడి దగ్గర శిక్షణ బాగున్నా సరే, ఆ మాట ఒక్కటి చాలు దూరంగా ఉండటానికి.

దానికంటే ముందు కొన్ని వందల రూపాయలతో తేలిపోయే పని ఒకటుంది. బాబును విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో గానీ, తెలిసిన డాక్టర్ల దగ్గర గానీ ఒకసారి చూపించండి. ముక్కు దూలం వంకర, చెవి కర్ణభేరికి రంధ్రం, వర్ణాంధత, నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, చదును పాదాలు, వరిబీజం, వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉన్నాయేమో చూడమనండి. పరుగులో ముందు నిలిచిన పిల్లలు చాలామంది ఇలాంటి వాటితోనే మెడికల్‌లో ఆగిపోతారు. వెరికోసీల్, ముక్కు దూలం లాంటివి ముందే తెలిస్తే ఆపరేషన్ చేయించుకుని కోలుకునే టైం ఉంటుంది. వర్ణాంధతకు మందు లేదు. అది ఉంటే ఈ దారి మీద రెండేళ్లు పోగొట్టుకోకుండా ఇప్పుడే మళ్లవచ్చు. పచ్చబొట్టు ఉందా? మోచేతి కింద లోపలి వైపు, అరచేతి వెనక వైపు తప్ప ఇంకెక్కడ ఉన్నా సాధారణంగా ఒప్పుకోరు.

ఇక నాన్నగారి మాట. ఆయన భయంలో న్యాయం ఉంది, కానీ లెక్క పూర్తిగా చూడాలి. 2022 జూన్‌లో ప్రకటించిన పథకం ప్రకారం అగ్నివీర్ జీతం మొదటి ఏడు నెలకు 30,000, తర్వాత 33,000, 36,500, నాలుగో ఏట 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి కోసుకుంటారు కాబట్టి చేతికొచ్చేది 21,000తో మొదలై 28,000 దగ్గర ఆగుతుంది. నాలుగేళ్లలో చేతికి అందేది మొత్తం 11,71,800. కోసిన 5.02 లక్షలకు అంతే మొత్తం ప్రభుత్వం కలిపి, వడ్డీతో సుమారు 11.71 లక్షలు చివర్లో ఇస్తారు. దానిపై ఆదాయపు పన్ను లేదు. తిండి, బస అక్కడే కాబట్టి అబ్బాయి జాగ్రత్తగా ఉంటే జీతంలోనూ కొంత మిగులుతుంది. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల బీమా ఉంటుంది, దానికి ప్రీమియం అతను కట్టక్కర్లేదు.

లేనివి కూడా చెప్పుకోవాలి. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఆ హోదాతో వచ్చే వైద్యమూ లేదు. రెగ్యులర్‌లోకి తీసుకునేది బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందినే. మధ్యలో ‘నాకు కుదరట్లేదు’ అని సొంతంగా వచ్చేయడానికి వీలుండదు. చాలా అసాధారణ పరిస్థితుల్లో అనుమతించినా ప్రభుత్వ వాటా పోతుంది, తను దాచినదే వస్తుంది. అందుకే ఇంట్లో అందరూ కూర్చుని, ఆ 25 శాతంలో మన వాడు ఉండడనే అనుకుని లెక్క వేయండి. 23 ఏళ్లకు, చేతిలో పదకొండు లక్షలతో తిరిగొచ్చినవాడికి ఏ పని వచ్చి ఉంటుంది? అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు అతను ఏ విభాగంలో చేరతాడన్న దాన్నిబట్టి మారుతుంది.

చాలామంది పిల్లలు అగ్నివీర్ అనగానే ఆర్మీ జనరల్ డ్యూటీకే దరఖాస్తు పెట్టేస్తారు. పదో తరగతితో దొరికే పోస్టు అది. ఎంపీసీ చదివిన మీ బాబుకు అది చివరి ఎంపికగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. గౌరవంలో తేడా ఉండి కాదు, బయటికొచ్చాక అమ్ముడుపోయే పనితనం తేడా. క్లర్క్ పోస్టుకు ఇంటర్‌లో 60 శాతం కావాలి, మన 58 సరిపోదు. ఆర్మీ టెక్నికల్‌కు మొత్తం మీద 50 శాతం, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీషుల్లో ఒక్కోదాంట్లో 40 శాతం అడుగుతారు. మెమోలో చూసుకోండి. నేవీలో ఇంటర్ అర్హతతో తీసుకునే నావికుడి పోస్టు ఎస్‌ఎస్‌ఆర్‌కు లెక్కలు, ఫిజిక్స్‌తో 50 శాతం చాలు. వాయుసేనకు ఇంగ్లీషులో విడిగా 50 శాతం ఉండాలి. మీ ఊరికి, మీ అబ్బాయి చదువుకు ఎక్కువ అతికేది నేవీ. ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో శిక్షణ అయ్యాక ఓడ మీద మెకానికల్, ఎలక్ట్రికల్ పని దొరికితే, ఆ పని అర్థమయ్యే డాక్‌యార్డు, షిప్‌యార్డు, పోర్టు అన్నీ విశాఖలోనే ఉన్నాయి. నేవీ రాతపరీక్షలో ఇంగ్లీషు ఒక భాగం, అందులో విడిగా గట్టెక్కాలి. తెలుగు మీడియం పిల్లలు లెక్కల్లో బాగా చేసి అక్కడే జారిపోతారు. రోజుకు గంట దానికే కేటాయించమనండి.

పరుగు గురించి ఒక మాట. ఇసుకలో పరిగెత్తితే కాళ్లకు బలం వస్తుంది, నిజమే. రోజూ అదే చేస్తే మాత్రం పిక్క ముందు ఎముక దగ్గర నొప్పి పట్టుకుని సరిగ్గా ర్యాలీకి (సైన్యం పరుగు, శారీరక పరీక్షలు పెట్టే చోటు) ముందు వారం మంచం ఎక్కిస్తుంది. వారంలో ఒకటి రెండు రోజులు ఇసుక, మిగతాది మట్టి గ్రౌండు. ఆర్మీలో 1.6 కిలోమీటర్లకు పూర్తి 60 మార్కులు రావాలంటే 5 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు 82 సెకన్లు. పిల్లలు చేసే తప్పు మొదటి రౌండ్ 70లో కొట్టేయడం, మూడో రౌండులో ఊపిరి అందక నడక స్థాయికి పడిపోవడం. వాచీ పెట్టుకుని నాలుగు రౌండ్లూ 80కీ 84కీ మధ్య తిరిగేలా అలవాటు చేసుకోవాలి. బీమ్‌కు (కడ్డీ పట్టుకుని ఒళ్లు పైకి లాగడం) 40 మార్కులు, పది తీస్తేనే పూర్తిగా వస్తాయి. ఊగకుండా, చేతులు కిందకి పూర్తిగా చాపి తీసినవే లెక్కలోకి వస్తాయి. నేవీ పరుగు 6 నిమిషాల 30 సెకన్లు, ఆర్మీకి సాధన చేసినవాడికి అది సులువే.

ఇప్పుడు నాన్నగారి ఐటీఐ. ఆయన మాట కొట్టేయకండి, రెండూ కలిపి నడపవచ్చు. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో ఫిట్టర్ రెండేళ్లు. తర్వాత నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు పరీక్ష రాయాలంటే పదిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం ఉండాలి. ‘పాసైతే చాలు’ అనుకుని 60 దగ్గర ఆగినవాళ్లు ఆ గుమ్మం కూడా తొక్కలేరు. అప్రెంటిస్ అంటే ఉద్యోగం కాదని కూడా తెలుసుకోండి. స్టైపెండ్ తక్కువ, పూర్తయ్యాక తీసుకోవాలన్న బాధ్యత యాజమాన్యానికి లేదు. అయినా ఆ సర్టిఫికెట్‌తో షిప్‌యార్డులో, రిఫైనరీ కాంట్రాక్టుల్లో, రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షలో తలుపులు తెరుచుకుంటాయి. ఐటీఐ ఉన్నవాడికి ఆర్మీ టెక్నికల్ రాతపరీక్షలో అదనపు మార్కులూ ఉన్నాయి. 2022 పథకం ప్రకారం అగ్నివీర్ వయసు పరిమితి 21. కాబట్టి ఐటీఐలో ఉంటూ రెండేళ్లు దరఖాస్తు పెడుతూనే ఉండవచ్చు. సెలక్షన్ వచ్చేదాకా ఖాళీగా గ్రౌండులో తిరగడమే నిజమైన నష్టం.

యూనిఫాం మీదే మనసుంటే ఇంకో రెండు దారులు మీ ఉత్తరంలో కనిపించలేదు. సైనిక అధికారులను తయారుచేసే ఎన్‌డీఏకు పందొమ్మిదిన్నర ఏళ్ల వరకే అవకాశం, ఏడాదికి రెండుసార్లు పరీక్ష, విశాఖలో సెంటర్ ఉంది. కష్టమైన పరీక్షే. అయినా ఈ వయసులో రాయకుండా వదిలేస్తే మళ్లీ రాదు. రెండోది బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లోకి తీసుకునే ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) జీడీ కానిస్టేబుల్. పదో తరగతి అర్హత, పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు, బేసిక్ 21,700, దానిపై కరువు భత్యం, అరవై ఏళ్ల దాకా ఉద్యోగం. ఎత్తు 170 సెంటీమీటర్లు, 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. నాన్నగారి భయానికీ బాబు కోరికకూ మధ్యలో సరిగ్గా నిలబడే ఉద్యోగం ఇది. అగ్నివీర్‌గా చేసి వచ్చినవాళ్లకు ఈ బలగాల్లో రిజర్వేషన్, వయసు సడలింపు కూడా ప్రకటించారు.

మర్చంట్ నేవీ (వాణిజ్య ఓడల ఉద్యోగాలు) పేరుతో ఎవరైనా లక్షలు అడిగితే, ఆ సంస్థకు కేంద్ర ప్రభుత్వ డీజీ షిప్పింగ్ అనుమతి ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఈ వారంలో చేయాల్సింది కాగితాల పని. పది మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉందా? నాన్నగారి పేరు రెండింట్లో ఒకేలా ఉందా? మన దగ్గర ర్యాలీ గేటు దగ్గర ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఇదే. తేడా ఉంటే మెమో ప్రకారం ఆధార్‌ను ఇప్పుడే సరిచేయించండి. నోటిఫికేషన్ పడ్డాక ఆధార్ సెంటర్ దగ్గర క్యూ మామూలుగా ఉండదు. ఐటీఐలో చేర్చేటప్పుడు ఒరిజినల్స్ ఇచ్చేస్తే, ర్యాలీ రోజుకు వాటిని ఎలా తిరిగి ఇస్తారో ప్రిన్సిపాల్ గారిని ముందే అడగండి. జిరాక్సులతో గ్రౌండులోకి రానివ్వరు. అవివాహిత ధ్రువపత్రం మాత్రం ఇప్పుడే తీయించవద్దు, ఆరు నెలలు దాటితే చెల్లదు.