300బీ సింగిల్ ఎండెడా, ఈఎల్34 పుష్‌పుల్లా: మొదటి ట్యూబ్ యాంప్‌కి ఏది?

మీరు రాసినదాన్ని బట్టి స్పీకర్లు ఆల్రెడీ ఉన్నాయి, 85 డీబీ బుక్‌షెల్ఫ్‌లు, మధ్య సైజు గది, 300బీ యాంప్ ఫొటోలు చూసి మనసు పారేసుకున్నారు, ఈలోగా ఎవరో ఈఎల్34 తీసుకోమన్నారు, షాక్ కొడుతుందేమోనని ఇంట్లోవాళ్ళ భయం, కరెంటు ఎంత కాలుతుందోనని మీ భయం, బయాస్ అంటే ఏంటోనని సందేహం. ట్యూబ్ యాంప్ అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో సౌండ్‌ని పెంచే యాంప్లిఫైయర్, 300బీ, ఈఎల్34 అనేవి అందులో స్పీకర్‌ని నడిపే ట్యూబుల పేర్లు. సింగిల్ ఎండెడ్‌లో మొత్తం సిగ్నల్‌ని ఒకే ట్యూబు మోస్తుంది, పుష్‌పుల్‌లో రెండు ట్యూబులు పంచుకుంటాయి. సూటిగా చెప్తానండి, ఈ స్పీకర్లతో 300బీ వద్దు. ఈఎల్34 పుష్‌పుల్ తీసుకోండి, చానెల్‌కి 30, 40 వాట్లు ఇచ్చేది, సెల్ఫ్ బయాస్‌దైతే ఇంకా మంచిది. ఎందుకో కింద రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

ట్యూబ్ యాంప్ కొనాలనుకునేవాళ్ళు యాంప్ గురించి నెలల తరబడి చదువుతారు, స్పీకర్ స్పెక్ షీట్ మాత్రం ఒక్కసారి కూడా తెరవరు, అసలు సంగతంతా ఉండేది అక్కడే. లెక్క పెద్ద కష్టమేం కాదు. 8 ఓముల స్పీకర్‌కి 85 డీబీ అని రాసుంటే ఒక వాటు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో 85 డీబీ వినిపిస్తుందని అర్థం. ఇంకో 3 డీబీ కావాలంటే వాట్లు డబుల్ అవ్వాలి, 10 డీబీ కావాలంటే పదింతలు అవ్వాలి. 300బీ ఒక్క ట్యూబుతో చేసిన సింగిల్ ఎండెడ్ యాంప్ ఇచ్చేది సుమారు 8 వాట్లు, అంటే మీకు కలిసొచ్చేది 9 డీబీ, మీటరు దూరంలో 94 దగ్గర ఆగిపోతుంది, మీరు సోఫాలో కూర్చునే చోటికి వచ్చేసరికి అది ఇంకా తగ్గుతుంది. 94 అంటే చాలా ఎక్కువే కదా అనిపిస్తుంది, ఇంట్లో మామూలుగా వినేటప్పుడు ఒక వాటు కూడా ఖర్చు కాదని అందరూ చెప్తారు, అదీ నిజమే, కానీ డ్రమ్ గట్టిగా పడ్డప్పుడో పాడేవాళ్ళు ఒక్కసారిగా పై స్థాయికి వెళ్ళినప్పుడో సగటు కన్నా 10, 15 డీబీ పైకి లేస్తుంది, సరిగ్గా అప్పుడే యాంప్ దగ్గర సరుకు అయిపోతుంది. ట్రాన్సిస్టర్ యాంప్ అయితే అక్కడ సిగ్నల్ అంచుల్ని చెవులు చివుక్కుమనేలా కోస్తుంది, ట్యూబ్ యాంప్ ఆ అంచుల్ని మెత్తగా కోస్తుంది కాబట్టి అదేదో తెలీదు, పాట కాస్త దగ్గరికి నొక్కేసినట్టు, ముద్దగా వినిపిస్తుంది. ఇక్కడే నాకు నవ్వొచ్చేది, చాలామంది దాన్నే వార్మ్ సౌండ్ అని మెచ్చుకుంటుంటారు!

నా ఫ్రెండ్ ఒకతని దగ్గర 300బీ ఉంది. చిన్న సీల్డ్ బాక్స్ స్పీకర్లతో విన్నప్పుడు ఒక గొంతు, ఒక వాద్యం ఉన్నంతసేపు ప్రాణం లేచొచ్చేది, ఆర్కెస్ట్రా మొదలవగానే అన్నీ కలగాపులగం. అదే యాంప్‌ని తర్వాత 97 డీబీ హార్న్ (బాకాలా విచ్చుకునే) స్పీకర్లకి తగిలించి విన్నాం, ఇదా ఆ యాంప్ అనిపించింది. యాంప్‌లో స్క్రూ కూడా మార్చలేదు. కాబట్టి 300బీ మీద నాకేం కోపం లేదు, 1930ల్లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళు చేసిన ట్యూబు, అప్పట్లో సినిమా హాళ్ళ యాంప్లిఫైయర్లలో వాడారు, ఆ హాళ్ళలో ఉన్నవి పెద్ద పెద్ద హార్న్ స్పీకర్లు, వాటికి కొద్ది వాట్లు చాలు. అది దానికి తగిన జోడీ. మీరు ఎప్పటికైనా 95 డీబీ పైన ఉన్న స్పీకర్లు కొంటే అప్పుడు 300బీ తెచ్చుకోండి, నేనే వచ్చి వింటా.

ఇంకోటి, డీబీ ఒక్కటే చూసి ఆగిపోకండి, ఇంపిడెన్స్ కూడా చూడాలి, అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు, ఓముల్లో కొలుస్తారు, నా లెక్కలో అది ఇంకా ముఖ్యం. 1970ల్లో బీబీసీ వాళ్ళు డిజైన్ చేసిన ఎల్ఎస్3/5ఏ అనే బుల్లి స్పీకర్ ఉంది, సెన్సిటివిటీ (పైన చెప్పిన ఒక వాటు లెక్క) 82, 83 డీబీ, కాగితం మీద చూస్తే ట్యూబ్ యాంప్‌కి పనికిరాదు, కానీ ట్యూబులతో దానికి ఎంతో పేరు. కారణం, పాత మోడల్ ఇంపిడెన్స్ 15 ఓములు, ఎక్కడా మరీ కిందకి పడిపోదు, యాంప్‌కి అది తేలిక లోడు. దీనికి రివర్స్‌లో కొన్ని స్పీకర్లు ఉంటాయి, పైకి 8 ఓములు అని రాస్తారు, బేస్ దగ్గర 3 ఓములకి దిగిపోతాయి, వాటితో ట్యూబ్ యాంప్ ఈదలేదు. ముఖ్యంగా ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు దిద్దుకునే ఏర్పాటు) లేని సింగిల్ ఎండెడ్ యాంపుల అవుట్‌పుట్ ఇంపిడెన్సే రెండు మూడు ఓములు ఉంటుంది, అలాంటప్పుడు స్పీకర్ ఇంపిడెన్స్ ఎక్కడ లేస్తే అక్కడ సౌండ్ లేస్తుంది, ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. ఒకరి ఇంట్లో బేస్ బొద్దుగా, ఇంకొకరి ఇంట్లో ట్రెబుల్ చురుగ్గా వినిపించేది అందుకే, అందుకే రివ్యూ చదివి కొనకండి, వీలైతే మీ స్పీకర్లు మోసుకెళ్ళి అక్కడే తగిలించి వినండి. మొహమాటపడొద్దు.

కొనేటప్పుడు ఇంకో మాయ ఉంది. బుజ్జి డబ్బా, పైన రెండు చిన్న ట్యూబులు, వాటి కింద నారింజ రంగు ఎల్ఈడీ, 100 వాట్లు అని రాసుంటుంది. దాంట్లో స్పీకర్‌ని నడిపేది మామూలు క్లాస్ డీ చిప్పు, అంటే ట్రాన్సిస్టర్ యాంపే, ట్యూబులు ముందు ప్రీయాంప్‌లో (చిన్న సిగ్నల్‌ని సిద్ధం చేసే భాగంలో) మాత్రమే ఉంటాయి. హైబ్రిడ్ అంటే చెడ్డదని కాదు, కొన్ని బాగా పాడతాయి, కానీ మీరు అడిగింది అది కాదు కదా. తేడా పట్టుకోవడం తేలిక, బరువు చూడండి. అసలైన ట్యూబ్ పవర్ యాంప్‌లో ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మరు, చానెల్‌కొకటి చొప్పున రెండు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు దాదాపు ఎప్పుడూ ఉంటాయి, ఇనుమూ రాగీ కాబట్టి ఈఎల్34 పుష్‌పుల్ 15, 20 కిలోలు తూగడం మామూలే. ఒంటి చేత్తో ఎత్తగలిగితే అనుమానించాల్సిందే. డబ్బు ఖర్చు పెట్టాల్సింది కూడా ఆ ట్రాన్స్‌ఫార్మర్ల మీదే, బేస్ ఎంత గట్టిగా ఉంటుందో అక్కడే తేలిపోతుంది, ట్యూబులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు గానీ ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేం. ఆర్డర్ పెట్టేముందు వోల్టేజీ కూడా చూసుకోండి, 120 వోల్టుల దేశం కోసం చేసిన యాంప్‌ని 230లో పెడితే స్విచ్ వేసిన క్షణంలోనే కథ కంచికి.

బయాస్ గురించి అడిగారు. పాట లేనప్పుడు కూడా పవర్ ట్యూబులో కొంత కరెంటు పారుతూనే ఉండాలి, గ్యాస్ పొయ్యిని సిమ్‌లో ఉంచినట్టు, ఆ సిమ్ ఎంతలో ఉండాలో చెప్పేదే బయాస్. సెల్ఫ్ బయాస్ యాంప్ దాన్ని తనే సర్దుకుంటుంది, మీరు ట్యూబులు గుచ్చి మర్చిపోవచ్చు. ఫిక్స్‌డ్ బయాస్ అంటే పేరు చూసి కదపక్కర్లేదేమో అనుకుంటారు, నిజానికి మనం సెట్ చేయాల్సింది అదే. దాంట్లో వాట్లు ఎక్కువొస్తాయి, బదులుగా ట్యూబులు మార్చినప్పుడల్లా, మధ్యమధ్యలో కూడా, చెక్ చేసుకోవాలి. కొన్నిట్లో పైనే మీటరు ఉంటుంది, కొన్నిట్లో టెస్ట్ పాయింట్లు ఇస్తారు, మల్టీమీటర్ పెట్టి చూస్తే అక్కడ 1 ఓము రెసిస్టర్ ఉన్న యాంప్‌లో 40 మిల్లీవోల్టులు చూపిస్తే 40 మిల్లీయాంపులు పారుతున్నట్టు. ప్లేట్ (ట్యూబు లోపలి రేకు) మీద 400 వోల్టులుంటే అది 16 వాట్లు, ఈఎల్34 తట్టుకునేది 25, కాబట్టి హాయిగా ఉంటుంది. అయినా నెట్‌లో ఎవరో చెప్పిన నంబరు పెట్టకండి, మీ యాంప్ మాన్యువల్‌లో ఏముంటే అదే. టెస్ట్ పాయింట్ల కోసం కింద మూత విప్పాల్సిన మోడల్ అయితే మొదటి యాంప్‌గా అసలు కొనొద్దు.

బాక్స్ విప్పాక. ట్యూబులు విడిగా ప్యాక్ చేసి వస్తాయి, ఏది ఏ సాకెట్‌లోకో నంబరు ఉంటుంది, మ్యాచ్ చేసిన జతల్ని విడదీయకండి. ఈఎల్34 కింద మధ్యలో ఒక కీ ఉంటుంది, అది గాడిలో కుదిరాక నిలువుగా నొక్కండి, పట్టుకోవాల్సింది నల్ల బేస్‌ని, గాజుని కాదు. చిన్న ట్యూబులకి తొమ్మిది పిన్నులు, ఒకచోట ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ చూసుకుని పెట్టాలి, పిన్ను వంగితే బలవంతం చేయకండి. చేతి వేలిముద్రలు పడితే ట్యూబు పగులుతుందని కొందరు గ్లవ్స్ వేసుకుంటారు, ఆ గొడవ హాలోజెన్ బల్బులది, వీటికి లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన రూలు ఇది: స్పీకర్లు తగిలించకుండా స్విచ్ వేయకూడదు. ట్రాన్సిస్టర్ యాంప్ అలవాటున్నవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. లోడు లేకుండా పాట పెడితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎక్కడికో ఎగిరి ఇన్సులేషన్ కాలిపోవచ్చు, సాకెట్ దగ్గర స్పార్కులు రావచ్చు. కాబట్టి ముందు స్పీకర్ వైర్లు, ఆ తర్వాతే కరెంటు, పాట నడుస్తుండగా వైర్లు పీకడం అస్సలొద్దు. వెనక 4, 8 అని వేరే టెర్మినళ్ళు ఉంటాయి, స్పీకర్ ఓముల్ని బట్టి పెట్టండి, సందేహముంటే రెండూ విని నచ్చింది ఉంచుకోండి, ఏం కాదు. స్విచ్ వేశాక అర నిమిషం సౌండ్ రాదు, కంగారు పడొద్దు, ఫిలమెంట్ వేడెక్కాలి, పూర్తిగా గొంతు విప్పడానికి ఓ ఇరవై నిమిషాలు. ఆపిన వెంటనే మళ్ళీ వేయకండి, కాసేపు చల్లారనివ్వండి.

మొదటి రోజు గదిలో లైటు తీసి ట్యూబుల్ని చూడండి, అందం కోసం కూడా, చెకింగ్ కోసం కూడా. లోపల నారింజ వెలుగు మామూలే. గాజు లోపలి గోడ మీద నీలం రంగు తేలితే అదీ మామూలే, కొత్తవాళ్ళు దీన్ని చూసి హడలిపోతారు. భయపడాల్సింది రెండిటికి: ట్యూబు లోపలి బూడిదరంగు రేకు, అంటే ప్లేటు, ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపేయండి, పాట పూర్తవ్వనివ్వొద్దు. పైన వెండిలా మెరిసే మచ్చ తెల్లగా మారితే గాలి దూరిందని, ఆ ట్యూబు పని అయిపోయింది.

గుంయ్‌మని హమ్ వస్తే యాంప్‌ని తిట్టే ముందు అన్ని ఇన్‌పుట్ కేబుళ్ళూ పీకి (స్పీకర్లవి కాదు!) ఒట్టి యాంప్ వినండి. అప్పుడు నిశ్శబ్దంగా ఉంటే దోషం బయటిది. నా దగ్గర అయితే ల్యాప్‌టాప్ చార్జర్ నుంచి వచ్చేది, చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే మాయం, గ్రౌండ్ లూప్ అన్నమాట, అంటే రెండు పరికరాల ఎర్త్‌లు కేబుల్ ద్వారా చుట్టుగా కలిసి హమ్ రావడం. యూఎస్‌బీ బదులు ఆప్టికల్ కేబుల్ పెట్టాక ఆ గొడవ మళ్ళీ రాలేదు. హమ్ పోవాలని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకండి.

ట్యూబులు మార్చి మార్చి వినే సరదా మొదట్లో పెట్టుకోవద్దు, ఓ ఆరు నెలలు వచ్చిన ట్యూబులతోనే వినండి, లేకపోతే దేనివల్ల ఏం మారిందో ఎప్పటికీ తెలీదు. మార్చేటప్పుడు చిన్న ట్యూబుల్లో 12ఏఎక్స్7, ఈసీసీ83 రెండూ ఒకటేనని గుర్తుపెట్టుకోండి, 12ఏయూ7 మాత్రం పిన్నులు అలాగే ఉన్నా గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) వేరు, సరిపోతుంది కదా అని గుచ్చకండి. పాత మల్లార్డ్, టెలిఫంకెన్ బ్రాండు ట్యూబుల మీద ఇప్పుడే డబ్బు పోయకండి, నకిలీ ప్రింట్లు బోలెడు, కొత్తగా తయారయ్యే స్లొవేకియా జేజే ట్యూబులు మొదటి యాంప్‌కి బ్రహ్మాండంగా సరిపోతాయి.

సెకండ్ హ్యాండ్ పాతవి తక్కువకి దొరుకుతాయి నిజమే, డైనాకో స్టీరియో 70 లాంటివి 1959 నుంచీ ఉన్నాయి, నాలుగు ఈఎల్34లతో చానెల్‌కి 35 వాట్లు, ఇప్పటికీ మంచి యాంపే. కానీ అంత పాతవాటిలో కెపాసిటర్లు లీకవుతుంటాయి, లీకైన కపులింగ్ కెపాసిటర్ (ఒక దశ నుంచి తర్వాతి దశకి సిగ్నల్‌ని పంపేది) పవర్ ట్యూబుని చంపేస్తుంది, టెక్నీషియన్ చూడకుండా ప్లగ్ పెట్టకూడదు. మొదటిది కొత్తదే కొనండి.

షాక్ సంగతి, లోపల 400 వోల్టులకి పైన ఉంటుంది, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో చాలాసేపు మిగిలే ఉంటుంది, అది ప్రాణం తీసే కరెంటే. కానీ మూత విప్పనంతవరకు బయట మీకు తగిలేదేమీ లేదు, వేడి తప్ప. ట్యూబు గాజు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, పిల్లలో పిల్లులో ఉంటే ట్యూబుల మీద ఉండే కేజ్ (జాలీ మూత) తీయకండి, మూసిన అల్మరాలో పెట్టకండి, పైన ఒక జానెడు పైనే ఖాళీ వదలండి.

కరెంటు విషయానికొస్తే మీరు చూస్తున్న సైజు యాంప్ పాట ఉన్నా లేకపోయినా 150 వాట్లకి అటూఇటూగా తీసుకుంటూనే ఉంటుంది. రోజుకి రెండు మూడు గంటలంటే అర యూనిట్ లోపే, దానికి దిగులు అక్కర్లేదు, పొద్దస్తమానం వేసి ఉంచితేనే బిల్లూ ట్యూబులూ రెండూ కరుగుతాయి. టీవీకి, వార్తలకి మీ పాత యాంప్‌నే ఉంచుకోండి, అమ్మకండి.