చివరి నిపుల్ నొక్కి చూడు

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి దొడ్డబళ్లాపుర దగ్గర కోళ్ల షెడ్డు కడుతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోను చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. దాన్ని ఓదార్చి పడుకున్నానే గాని నాకూ నిద్ర పట్టలేదు. భయం కొంత, గర్వం అంతకు రెండింతలు. ఆరేళ్లప్పుడు వేసవి సెలవులకు హొసకోటె వచ్చి, గౌను ఒడిలో కోడిపిల్లలను దాచి ఇంట్లోకి తెచ్చిన పిల్లవు నువ్వు. వాటిని మళ్లీ షెడ్డులో వదలడానికి ఎంత బతిమాలానో!

నువ్వు కొన్న మందుల ఫొటో కూడా మీ అమ్మ పంపింది. బి-కాంప్లెక్సు, లివర్ టానిక్, కాల్షియం, ఎలక్ట్రోలైట్ లవణాలు, ప్రోబయోటిక్, నీళ్లను పులుపెక్కించే యాసిడిఫయర్. కోడిపిల్లలు ఇంకా దిగనే లేదు, అలమర నిండిపోయింది. ఎవరు చెప్పారమ్మా ఇన్ని కొనమని? అది చూశాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పిల్లలు దిగిన రోజు బెల్లం నీళ్లో ఎలక్ట్రోలైటో ఇవ్వు, ప్రయాణపు బడలిక తీరుతుంది. తర్వాత మూడు నాలుగు రోజులు విటమిన్లు. టీకాలప్పుడు, ఎండ ముదిరినప్పుడు మళ్లీ కొద్ది రోజులు. అంతే చాలు. మంచి మేతలో విటమిన్లు ఉండనే ఉంటాయి.

వీటన్నిటికంటే ముందు బోరు నీళ్లను పరీక్ష చేయించు. ఎక్కడ చేయించాలో హెబ్బాళ పశువైద్య కళాశాలలో అడిగితే చెబుతారు. మన వైపు లోతు బోర్లలో ఉప్పు, గట్టిదనం ఎక్కువ. ఆ నీళ్లలో ఎలక్ట్రోలైట్ కూడా రోజుల తరబడి పోస్తే రెట్ట పలచబడుతుంది, కింద ఊక తడుస్తుంది, అమ్మోనియా ఘాటుకు నీ కళ్లే మండుతాయి.

ఇక నా తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2004 ఏప్రిల్. కోళ్లు నీళ్లు తాగే గంట ఆకారపు డ్రింకర్లు తీసేసి నిపుల్ లైన్లు, అంటే కోడి ముక్కుతో పొడిస్తే నీటి చుక్కలు వదిలే చిన్న కుళాయిలున్న పైపులు, వేయించి అప్పటికి ఏడాది. గంట డ్రింకరులో నీళ్లు కంటికి కనిపిస్తాయి, పాచి పట్టినా ఊక పడినా రోజూ కడుగుతాం. నిపుల్ లైనులో జరిగేదంతా పైపు లోపలే. ఆ సంగతి నాకు తట్టలేదు. 3,000 కోళ్లు, ఐదో వారం. ఎండలు చూసి బెంగ పెట్టుకుని, ఆ బ్యాచ్ మొదటి నుంచీ ట్యాంకులో విటమిన్లు, గ్లూకోజు కలిపి పగలూ రాత్రీ అవే తాగించాను. తీపి నీళ్లు వెచ్చటి పైపులో నిలిచి గోడలకు జిగురు పట్టింది. ఆ జిగురు ఊడి, లైను చివరికి చేరి నిపుళ్లను మూసేసింది.

షెడ్డు చివరి కోళ్లు చిన్నవిగా ఉండటం చూశాను. నిపుల్‌ను ఆగకుండా ముక్కుతో పొడుస్తున్నాయి. నీళ్లు బాగా తాగుతున్నాయని మురిసిపోయాను తల్లీ. బలం చాలడం లేదేమోనని టానిక్ మోతాదు పెంచాను. మరింత తీపి, మరింత జిగురు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. నాలుగింటికల్లా 160 కోళ్లు పోయాయి, అన్నీ చివరి మూడు అంకణాల్లోవే. మీ పెదనాన్న నన్ను ఏమీ అనకుండా వెళ్లి చివరి నిపుల్‌ను వేలితో నొక్కారు. చుక్క రాలేదు. పక్కదీ అంతే. పైపు కోసి చూస్తే లోపలంతా జారుడు, పులిసిన కంపు. గుంత తీసి సున్నం చల్లుతూ ఆయన ఒక్క మాటే అన్నారు: "మందు లేక పోలేదే ఇవి, నీళ్లు లేక పోయాయి." ఆయన పోయి ఏడేళ్లయింది. ఆ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.

అందుకే చెబుతున్నాను. మందు కలిపిన నీళ్లు వేరే చిన్న ట్యాంకులో, నాలుగైదు గంటల్లో తాగేసేంతే కలుపు. రాత్రికి నిల్వ ఉంచకు. అవి అయిపోగానే లైను చివర మూత తీసి మంచినీళ్లు జోరుగా వదిలి కడుగు. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పైపులు శుభ్రం చేయించి, ఆపైన మంచినీళ్లు పారించు. రోజూ పొద్దున మొదటి నిపుల్, చివరి నిపుల్ నొక్కి పట్టుకుని నిమిషంలో ఎన్ని నీళ్లు వస్తాయో కొలువు. వారాల వయసును 7తో గుణించి 20 కలుపు, అన్ని మిల్లీలీటర్లు రావాలి. మూడో వారానికి 41. రోజుకు ఎన్ని లీటర్లు తాగాయో కూడా రాసి పెట్టుకో. మామూలు రోజుల్లో మేత బరువుకు దాదాపు రెట్టింపు తాగుతాయి, ఎండలో ఇంకా ఎక్కువ. తాగడం తగ్గిందంటే జబ్బు బయటపడకముందే నీకు తెలిసిపోతుంది. ట్యాంకుకు నీడ వేయించు, వేడి నీళ్లను కోళ్లు ముట్టవు.

గంబోరో అనే కోళ్ల జబ్బుకు టీకా నీళ్లలో ఇచ్చేటప్పుడు ముందురోజు నుంచే నీళ్లలో బ్లీచింగ్ పొడి వేయడం ఆపు, లేకపోతే క్లోరిన్‌కు టీకా చచ్చిపోతుంది. వెన్న తీసిన పాలపొడి కలపడం మరవకు. బ్లీచింగ్ పొడి, యాసిడిఫయర్ ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలపకు, విషవాయువు వస్తుంది. పనివాళ్లకు కూడా ఎదురుగా నిలబడి చెప్పు. ఈ ఒక్కటి తలచుకుంటేనే నాకు గుండె దడ.

జలుబనో విరేచనాలనో ఎవరైనా యాంటీబయాటిక్ సీసా చేతిలో పెడితే డాక్టరును అడగనిదే మూత తీయకు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లోనే కోళ్లకు వాడకూడదని నిషేధించారు. నీ కోడిని తినేది ఎవరో ఒకరి బిడ్డే కదా.

హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల సంస్థ శిక్షణ ఇస్తుంది, వీలైతే వెళ్లిరా. కోప్పడ్డానని బాధపడకు. నువ్వు చేయగలవని నాకు ఆ గౌను రోజుల నుంచే తెలుసు.

పిల్లలు దిగే ముందురోజు నేను వస్తాను. మీ పెదనాన్న కొలగ్లాసు ఇంకా నా దగ్గరే ఉంది, తెస్తాను. కె.ఆర్.పురం నుంచి నేనే బస్సెక్కి వస్తాను, నా కోసం షెడ్డు వదిలి రావద్దు.

మీ పెద్దమ్మ